కూలి కాని రొట్టె

ఇది నేను ఎప్పుడో రాయవలసిన సంగతి. రాయకపోవడానికి బద్ధకం కారణం కాదు, మరపు అంతకంటే కాదు. నాకు అక్షరాలు వచ్చేవి కావు, అంతే. బుద్ధి తెలిసినప్పటి నుంచి నా వేళ్లకు తునికాకుతో బీడీలు చుట్టే పని దొరికింది తప్ప, బలపం పట్టే తీరిక ఎవరూ ఇవ్వలేదు. మా కోరుట్లలో నా ఈడు ఆడవాళ్లలో చాలామందిది ఇదే సంగతి. చదువుతున్న మీలో కూడా కొందరికి ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, పక్కన కత్తెర లేని చిన్నతనం గుర్తుండకపోవచ్చు. నోరుంది కదా, చెప్పవచ్చు కదా అంటారేమో. చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, పాపం తల్లి మీద బెంగ అని నా భుజం తట్టి, మళ్లీ మా పెద్దబాపు, అంటే మా బాపు అన్న, చెప్పిన మాటనే చెప్పుకునేవారు. ఆయన మాట మైకులో, నా మాట అరుగు మీద. మైకు మాటే నిలబడింది, నేనూ చెప్పడం మానేశాను.

అక్షరాలు నాకు మా కోడలు నేర్పింది, అదీ నా జుట్టు సగానికి పైగా తెల్లబడ్డాక. ఆ పిల్ల పదో తరగతి పాసై, ఇంకా చదవాలని ఉండి, మా ఇంటికి వచ్చి చాట ముందు కూర్చుంది. నానబెట్టిన ఆకు మెత్తబడేదాకా కాస్త తీరిక దొరికినప్పుడు చాటలో మిగిలిన తంబాకు పొడిని అరచేత్తో చదును చేసి, అందులో వేలితో 'అ' రాసి, నా వేలు పట్టుకుని దాని మీద తిప్పించేది. తప్పు పోతే చాటను ఒకసారి కుదిపితే చాలు, తప్పూ ఉండేది కాదు, తప్పు చేసిన గుర్తూ ఉండేది కాదు. పలక మీద నేర్చుకున్నవాళ్లకు తుడుచుకునే పని ఉంటుంది. నాకు ఆ పనీ లేకుండా పోయింది.

ఇవాళ ఇది రాయడానికి కూర్చోబెట్టింది కూడా ఆ పిల్లే, తనకు తెలియకుండానే. శనివారం సాయంత్రం పెరట్లో బట్టలుతికే బండ దగ్గర ఆమె చేతులు తోముకుంటుంటే చూశాను. నిమ్మచెక్కలో ఉప్పు అద్ది అరచేతులు, వేళ్ల సందులు, ఆ తర్వాత గిన్నెలు తోమే పీచుతో గోళ్ల చుట్టూ. ఎందుకని అడిగితే మొదట మాట దాటేసింది. గట్టిగా అడిగితే చెప్పింది. రేపు నెల మొదటి ఆదివారం, మందిరంలో ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె ఇస్తారు. పోయిన నెల అదే రోజున గుమ్మంలో మా తమ్ముడు నిలబడ్డాడు, అంటే మా పెద్దబాపు కొడుకు. తండ్రి పోయాక ఆ కుర్చీలో సంఘ పెద్దగా కూర్చున్నది ఇతనే. కరోనా పోయినా అప్పటి చేతుల మందు సీసా మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది, దాన్ని పట్టుకుని అందరి చేతుల మీదా కొట్టడం ఇతనికి పెద్దరికంలో ఒక భాగమైంది. మా కోడలి వంతు రాగానే, "కోడలా, నువ్వు రెండుసార్లు కొట్టుకో. గీ తంబాకు వాసన పరలోకం దాక అస్తది" అన్నాడట. వెనకున్నవాళ్లు నవ్వారట. ఆ తర్వాత వేదిక ఎక్కి, తంబాకు విడిచిన తల్లి గురించి చెప్పాడు. ఆ తల్లి మా అవ్వ, నన్ను కన్న తల్లి. ఆ కథ నేను ప్రతి ఏడూ ఆ మందిరంలో కూర్చుని వింటూనే ఉన్నాను. ఆమె విడిచింది కాబట్టి పాత్రురాలైంది, మీరెందుకు విడవరు అన్నది అందులో నీతి. విడిస్తే మా ఇల్లు గడవదు. అందుకని వాసననైనా విడిపించుకుందామని ఆ పిల్ల బండ దగ్గర కూర్చుంది.

నిమ్మచెక్క వాసన ముక్కుకు తగలగానే నాకు ఆ బండ మీద కోడలు కనిపించలేదు, మా అవ్వ కనిపించింది.

మా అవ్వకు ఉన్నది నిమ్మచెక్క ఒక్కటే కాదు. శనివారం పొద్దు వాలగానే కట్టెల బూడిద, చింతపండు పిప్పి, ఇటుక పొడి, ఒక్కోసారి దీపంలోంచి వంచిన కిరసనాయిలు కూడా ముందు పెట్టుకుని కూర్చునేది. వారమంతా తంబాకులో ఆడిన చేతులవి, వాసన తోలు మీద కాదు, తోలు లోపల ఉంటుంది, అది ఎంత తోమినా పోయేది కాదు. తోమి తోమి వేళ్ల కొసలు పగిలి, ఆ పగుళ్లలో నిమ్మరసం దిగితే పళ్లు బిగబట్టి చేతులు ఊపేది. మధ్యలో ఒకసారి నా ముక్కు దగ్గర అరచేయి పెట్టి "పోయిందా బిడ్డా?" అని అడిగేది. పోలేదని చెప్పడం ఇష్టం లేక నేను పోయిందనేదాన్ని. ఆమె నా ముఖం చూసి మళ్లీ బండ మీద కూర్చునేది.

ఈ తోముడంతా ఎవరి కోసమంటే మా పెద్దబాపు ముక్కు కోసం. ఆయనా, మా బాపూ ఒకే రోజు వాగులో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. మా బాపు తొందరగానే పోయాడు, పెద్దబాపు మాత్రం సంఘానికి పెద్ద అయ్యాడు. ఆయన కల్లు మానేశాడు. ఇది మంచి సంగతే, కానీ ఆ సంగతి దేవుడు ఎక్కడ మరిచిపోతాడోనని ఆయనకు ఎంత భయమో, ప్రతి ఆదివారం లేచి నిలబడి గుర్తు చేసేవాడు. ఆయనను చూసి మిగతా మగవాళ్లు కూడా సాక్ష్యం చెప్పడానికి పోటీ పడేవారు. ఒకడు బీడీ మానేశాడు, ఒకడు జాతరకు పోవడం మానేశాడు, ఇంకొకడు మానడానికి ఏమీ దొరక్క చాయ తాగడం మానేశాడు. మానినవాడు మానినట్టు ఊరుకుంటే బాగుండేది, మాననివాళ్లను చూసి గడ్డం నిమురుకునేవాడు. బీడీ తాగడం మానిన మగవాడికి అక్కడ చప్పట్లు. ఆ మగవాడి ఇంట్లో పొయ్యి వెలగడానికి బీడీ చుట్టే ఆడదానికి చెప్పుల దగ్గర చాప. మా పెద్దబాపు ఇంటి గోడ ఆయన భార్య, మా పెద్దవ్వ, చుట్టిన బీడీల మీదే లేచింది. గోడ పైకప్పు దాకా వచ్చాక, కొడుకు సంపాదనలో పడ్డాక, తంబాకు పాపమన్న సంగతి ఆయనకు బయలుపడింది.

బల్ల ఉన్న ఆదివారం జగిత్యాల నుంచి అయ్యగారు, అంటే పాస్టరు, వచ్చేవాడు. మెత్తని మనిషి, మంచి గొంతు. దేవుడు ఇచ్చే రక్షణ మన క్రియల వల్ల కాదు, మన యోగ్యత చూసి కాదు, అది ఉచితం, అది కృప అని ఎంత బాగా చెప్పేవాడంటే, వింటుంటే మా ఆడవాళ్లకు కళ్లు తడిసేవి. ఆయన అట్లా చెబుతుండగానే మా పెద్దబాపు వరసల వెంట నడుస్తూ, చాచిన చేతుల మీదికి వంగి వాసన చూసేవాడు. ఎవరి చేతుల దగ్గర తల ఎత్తేస్తే వాళ్లకు ఆ నెల రొట్టె లేదు. అయ్యగారు కృపను గురించి చెప్పేవాడు, పెద్దబాపు ముక్కు దాన్ని పంచేది. అయ్యగారు చూసేవాడు కాదా అంటే, చూసేవాడు. చూసి, తన పుస్తకంలోకి తల దించుకునేవాడు. నాకు పెద్దబాపు మీద కోపం కొంచెం తగ్గిందేమో కానీ, ఆ దించుకున్న తల మీద రోత ఈనాటికీ తగ్గలేదు.

అవ్వకు మాట పడేది కాదు, కానీ మందిరంలో అనేది కాదు. ఇంటికొచ్చి చాట ఒళ్లోకి లాక్కుని, "మా అత్త కాలంల దొరల ఇండ్లల్ల మన దోసిట్ల ఎత్తి పోద్దురట నీళ్లు. గా బాధకే గదా ఈ దేవుని దగ్గరికచ్చింది. గిక్కడ ఎత్తి సుత పోస్తలేరు" అని నవ్వేది. పక్కింటి ఆడవాళ్లు కూడా అదే పని చేస్తూ, అదే మందిరానికి పోయి వచ్చినవాళ్లు, నోట్లో దారం పట్టుకునే నవ్వేవారు. ఆ నవ్వు అయ్యాక మళ్లీ శనివారం వచ్చేది, మళ్లీ అందరి పెరళ్లలోనూ బండల చప్పుడు.

నా పెండ్లయ్యాక కొన్నేళ్లు సిరిసిల్లలో ఉన్నాం. మా ఆయన సాంచెల మీద పనికి కుదిరాడు. పవర్లూమ్‌లను అక్కడ సాంచెలంటారు. పగలూ రాత్రీ ఆ చప్పుడులో కాపురం చేసినవాళ్లకు చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. అక్కడ ప్రార్థన ఒక అద్దె గదిలో జరిగేది, ఆ గదికి రెండు పక్కలా సాంచెలే. అక్కడి పాస్టరు వారమంతా తనూ సాంచె నడిపేవాడు. మొదటిసారి రొట్టె ఇచ్చేటప్పుడు నేను అలవాటుగా చేతులు వెనక్కి పెట్టుకుంటే, ఆయన ఏమీ అడగకుండా చెయ్యి ముందుకు లాగి అందులో పెట్టాడు. ఆయన గోళ్లలో యంత్రం నూనె నల్లగా ఉంది. ఆ రొట్టెకు కూడా ఆ నూనె వాసనే. ఆ రోజు నేను అవ్వ గురించి ఏడ్చాను. ఆమెకు ఒక్కసారైనా ఇట్లా దొరికితే బాగుండునని.

అవ్వకు ఛాతీ జబ్బు చేసింది. జగిత్యాల ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, ఇంటికి తీసుకుపోండి అన్నారు. ఆ మాటకు అర్థం మీకు వేరే చెప్పనక్కరలేదు. నేను సిరిసిల్ల నుంచి వచ్చి ఆమె దగ్గరే ఉండిపోయాను. మంచం మీద ఆమె చేతులు రెండూ పక్కన పడేసినట్టుగా ఉండేవి. రోజులు గడిచేకొద్దీ ఆ చేతుల్లోంచి తంబాకు వాసన తగ్గుతూ వచ్చింది. బూడిదకు పోనిది, ఇటుక పొడికి పోనిది, జబ్బుకు పోయింది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు అది గమనించారు, మాట పెద్దబాపు దాకా పోయింది.

ఒక రోజు పొద్దున అయ్యగారిని వెంటబెట్టుకుని ఆయన వచ్చాడు. అయ్యగారి చేతిలో చిన్న డబ్బా, అందులో రొట్టె. నా గుండె ఎంత సంతోషపడిందో చెప్పలేను. ఆ డబ్బా మా ఇంటి గడప దాటి రావడమే మాకు పెద్ద పండుగ. అవ్వ కూడా మంచం మీద లేచి కూర్చుంటానంది. నేను వెనక దిండు పెట్టి, కొంగు సర్ది కూర్చోబెట్టాను.

పెద్దబాపు ముందుగా ఆమె చెయ్యి అందుకుని వాసన చూశాడు. ముఖం విప్పారింది.

"దేవునికి స్తోత్రం మరదలా! వాసన సుత లేదు."

అవ్వ తన చేతిని తనే ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. "అవు బావా. ఎవలియో చేతులోలె ఉన్నయి. నాయే గావు."

"ఎట్లనన్న గానీ, ఇడ్సినవ్. గదే సాలు. తంబాకు ఇడ్సిన, ప్రభువా, అని ఒక్క మాట నోటితోని అను. అయ్యగారు రొట్టె ఇస్తడు."

"నేనేడ ఇడ్సిన బావా? వేళ్లు పడిపోయినయి. రేపు లేస్తే మల్ల చాట ఒళ్లె వెట్టుకుంట."

"రేపు లేస్తవా నువ్వు?"

అయ్యగారు దగ్గాడు. అవ్వకు కోపం రాలేదు. "లేవ. అయినా లేనిది ఉన్నట్టు చెప్ప."

నేను ఉండబట్టలేక మంచం పట్టె పట్టుకుని బతిమాలాను. "అవ్వా, ఒక్క మాటనే గదనే. అనరాదే!"

"నువ్వుండు బిడ్డా." ఆమె ఊపిరి కూడదీసుకుని ఆయన వైపు తిరిగింది. "బావా, నేనొకటి అడుగుత. గా రొట్టె కూలా, ఊకె ఇచ్చేదా?"

"గదేం మాట?"

"కూలైతే నాకద్దు. జిందగంత కూలే తిన్న. ఊకె ఇచ్చేదైతే ఏం అడగకుంట గిప్పుడే ఇయ్యి."

పెద్దబాపు ముఖం మీద ఇన్నేళ్లుగా కప్పుకున్న మెత్తదనం ఊడిపోయింది. "ఊకెట్ల ఇస్తరే? నువ్వేదన్న చేసినట్టుండాలె గదా. ఏం చెయ్యనోళ్లకు సుత ఊకెనే ఇస్తే, ఇన్నేండ్లు మేం చేసిందేం గావాలె?"

అవ్వ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, ఫక్కున నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగేదాకా నవ్వింది. "అయ్యో బావా! గిదా నీ బాధ!"

అయ్యగారు డబ్బా మూత సగం తీసి పట్టుకుని ఉన్నాడు. రొట్టె ముక్క నాకు కనిపిస్తోంది. ఆయన వేళ్లకూ దానికీ మధ్య అడ్డం ఏమీ లేదు. ఆయన నావైపు చూశాడు, మంచం వైపు చూశాడు, చివరికి పెద్దబాపు వైపు చూశాడు. మూత మూశాడు. ఉచితమైన కృపను గురించి అంత తియ్యగా చెప్పిన మనిషి, చెయ్యి ఒక్కసారి చాపవలసి వచ్చినప్పుడు చేసిన పని అది. ఇద్దరూ లేచి వెళ్లిపోయారు, చెప్పులు వేసుకునేటప్పుడు ప్రార్థనలో ఉంచుకుంటామన్నారు.

నేను ఏడుస్తుంటే అవ్వ నన్ను దగ్గరికి రమ్మంది. "ఎందుకేడుస్తవ్? వాళ్లకంటే డబ్బ ఉన్నది, మూత ఉన్నది. దేవునికి ఏమున్నది మూత వెట్టుకోను?" అని నా తల మీద చెయ్యి వేసింది. ఆ వారంలోనే పోయింది. రొట్టె తినకుండానే పోయింది. భయపడకుండా పోయింది.

ఆమెను పాతిపెట్టిన రోజు పెద్దబాపు మైకు పట్టుకున్నాడు. మా మరదలు చివరి ఘడియల్లో తంబాకును విడిచి, పశ్చాత్తాపపడి, పాత్రురాలై, ప్రభువు బల్లను అందుకుని ఆయన సన్నిధికి చేరిందని చెప్పాడు. తను ఇవ్వని రొట్టెను ఆమె తిన్నట్టు చెప్పాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. పక్కన అయ్యగారు తల దించుకుని ఆమేన్ అన్నాడు. తల దించుకోవడం ఆయనకు వచ్చిన విద్య. నేను లేచి "అబద్ధం! మా అవ్వ ఇడ్వలె, తినలె, మీరే ఇయ్యలె!" అని అరిచాను. ఆడవాళ్లు నన్ను పట్టుకుని కూర్చోబెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టారు, తల్లి పోయిన దుఃఖం అన్నారు. బతికి ఉండగా ఆమె చేతులను దగ్గరికి రానివ్వలేదు. చచ్చిపోయాక ఆమెనే తమ ప్రసంగానికి పనికి పెట్టుకున్నారు. ఆ పని ఇప్పటికీ చేయిస్తూనే ఉన్నారు, దానికి ఆదివారం సెలవు కూడా లేదు.

పెద్దబాపు కూడా పోయి చాలా కాలమైంది. ఆయన నరకానికి పోయాడని నేను అనుకోను. ఆయనకూ తలుపు తీసే ఉంటారు. కల్లు మానిన సంగతి చెప్పబోతుంటే, అదంతా ఎవరూ అడగలేదు లోపలికి రా అని ఉంటారు. అంత కష్టపడినవాడికి ఊకెనే లోపలికి పోవలసి రావడం, పోయి చూస్తే అక్కడ మా అవ్వ ముందే కూర్చుని ఉండడం, అంతకు మించిన శిక్ష ఆయనకు ఇంకేం ఉంటుంది? అక్షరాలు వచ్చాక నేను కూడబలుక్కుని మొదట చదువుకున్నది ప్రభువు పక్కన సిలువ మీద వేలాడిన దొంగ సంగతి. చిన్నప్పటి నుంచి విన్నదే, అయినా నా వేలు కింద పెట్టుకుని చదువుతుంటే ఒకటి తోచింది. ఆ దొంగ చేతులకు మేకులు కొట్టి ఉన్నాయి. కడుక్కుందామన్నా వీలు లేదు.

ఇప్పుడు మా వాడలో చాటలు తక్కువైపోయాయి. బీడీలు తాగేవాళ్లే తగ్గారు, నెలలో పని దొరికే రోజులూ తగ్గాయి. అప్పట్లో ఒక అరుగు మీద అంతమందిమి కూర్చుని చుట్టేవాళ్లం, ఒకరి పాటకు ఒకరు అందుకునేవాళ్లం, ఒకరి ఆకు తక్కువైతే ఒకరు ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ఎవరింట్లో వాళ్లు ఫోను ముందు పెట్టుకుని చుట్టుకుంటున్నారు. మందిరానికి పాలరాతి నేల వచ్చింది, చాపలు పోయి కుర్చీలు వచ్చాయి. పోవలసింది మాత్రం పోలేదు, ముక్కు తీసేసి సీసా పెట్టుకున్నారు. ఇంకొన్నాళ్లకు ఈ వాసన తెలిసిన చేతులే ఉండవేమో. ఆ వాసన పోతుందంటే నాకెందుకో దిగులుగా ఉంది. మా అవ్వ వాసన నాకు తెలిసింది అదొక్కటే.

చీకటి పడకముందే మా కోడలి చేతిలోంచి నిమ్మచెక్క లాగి పారేసి, ఆమెకు ఇదంతా చెప్పాను. "నిజమా అత్తమ్మా? మరి గన్నేండ్ల సంది మామయ్య చెప్పేది?" అంది. రాస్తాను, నువ్వే చదువు అన్నాను. ఆ రాత్రే కూర్చుని ఇక్కడిదాకా రాశాను, మిగిలింది మందిరం నుంచి వచ్చాక రాస్తున్నాను.

మర్నాడు ఉదయం, మా కోడలు స్నానానికి పోయినప్పుడు, నేను ఆమె చాట ఒళ్లోకి లాక్కున్నాను. తడిబట్టలో చుట్టి పెట్టిన ఆకు తీసి, కత్తిరించి, తంబాకు వేసి చుట్టాను. కొన్నాళ్లుగా చుట్టని వేళ్లు మొరాయించాయి, తర్వాత దారికొచ్చాయి. వాసన పూర్తిగా పట్టిందని తెలిశాక లేచాను. కడుక్కోలేదు, కొంగుకు తుడుచుకోలేదు. మందిరం గుమ్మంలో తమ్ముడు సీసా ఎత్తి "అక్కా, చెయ్యి" అన్నాడు. నేను ఆగకుండా లోపలికి నడిచాను, వెనకే మా కోడలు. బల్ల వేళకు అతను రొట్టె పళ్లెం పట్టుకుని మా వరసకు వచ్చినప్పుడు, రెండు చేతులూ అతని ముఖం కిందికి చాచాను. అతని ముక్కు, తండ్రి ముక్కే, ఒక్కసారి అదిరింది.

"మా అవ్వ ఇడ్వలె తమ్ముడూ, తినలె. మీ బాపు ఇయ్యలె. నేను సుత ఇడ్వలె. ఊకెనే ఇస్తవా?" అని అందరికీ వినబడేట్టే అడిగాను.

నా పక్కన మా కోడలు కూడా చేతులు చాచింది.